శుభ్రం వాసన

ఎండాకాలం సాయంత్రం ఆ ఊళ్లో పిల్లలకి నీళ్లు పోసి, తడి తల మీద కొలోనియా చల్లి, పాపిడి తీసి వీధిలోకి వదులుతారు. ముసలివాళ్లకీ అంతే. నారింజ పూలూ నిమ్మ తొక్కా కలిసిన ఆ పల్చటి సెంటు నీళ్లు పెద్ద పెద్ద సీసాల్లో వస్తాయి; కొట్లో సబ్బుల పక్కనే ఉంటాయి. అది డబ్బున్నవాళ్ల సొగసు కాదు. కూలికి పోయే ఇంట్లో కూడా అద్దం ముందు ఒక సీసా ఉండాల్సిందే. చల్లబడ్డాక గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు పక్కింటావిడ మెడ దగ్గరికి వంగి, "శుభ్రం వాసన వస్తున్నావే" అందంటే అంతకు మించిన మెప్పు లేదు. శుభ్రానికి వాసనేమిటని అక్కడ ఎవరూ అడగరు. శుభ్రమంటే ఆ వాసనే.

ఫ్వెన్సాంత ఆ వాసనలోనే పుట్టి పెరిగింది. మూర్సియా చుట్టుపక్కల ఆడపిల్లలకి ఆ పేరు మామూలే, అక్కడి అమ్మవారి పేరు. చిన్నప్పుడొకసారి ఆటలో పడి స్నానం ఎగ్గొట్టి, తల మీద ఇంత కొలోనియా ఒంపుకుని బయటికి పోబోతుంటే వాళ్లమ్మ చెవి వెనక వాసన చూసి పట్టేసింది. "మురికికి చొక్కా తొడుగుతావా, ముండా?" అని వీపు మీద ఒకటిచ్చి తొట్లో కూలేసింది. ముందు నీళ్లు, తర్వాతే కొలోనియా. ఆ ఇంట్లో అది వేరే చెప్పనక్కర్లేని సంగతి.

చదువు అంతంతమాత్రం. పదహారేళ్లకే నిమ్మకాయలు ప్యాక్ చేసే షెడ్డులో చేరింది. కాయని కాగితంలో చుట్టి పెట్టెలో పేర్చడం. ఆ షెడ్డులోనే బ్లాస్‌ని చూసింది, పెళ్లాడింది. అతను తాపీపనికి పోయి, కడుతున్న హోటలు పరంజా మీంచి పడి చచ్చిపోయాడు. పరంజాకి అడ్డుకర్ర లేదన్న మాట ఏ కోర్టులోనూ నిలబడలేదు. తర్వాత కొన్నాళ్లకి షెడ్డు యజమాని తోటని ఇళ్ల స్థలాల కింద అమ్మేసుకున్నాడు. యాభై దాటాక ఫ్వెన్సాంత మళ్లీ బడిపిల్లలా బల్ల ముందు కూర్చుని, ముసలివాళ్లని చూసుకునే పనికి శిక్షణ తీసుకుంది. ఆ పని ఆమెకి కొత్త కాదు. అమ్మని మంచంలో ఐదేళ్లు చూసింది. కొత్తగా నేర్చుకున్నదల్లా అదే పనికి జీతం ఉంటుందని.

వృద్ధాశ్రమం ఊరి చివర, నిమ్మచెట్లు కొట్టేసిన చోటే కట్టారు. తెల్ల గోడలు, ముందు బస్టాపు. ముసలివాళ్ల పెన్షనూ, దాని మీద ప్రభుత్వమిచ్చేదీ రెండూ రాజధానిలో ఉన్న ఏదో కంపెనీకి పోయేవి. కంపెనీ అక్కడి నుంచి పొదుపు నేర్పేది. చేతి తొడుగులు పొదుపు, డయపర్లు పొదుపు, పూత మందులు పొదుపు. అన్నిటికంటే మనుషులు పొదుపు. పై అంతస్తు మొత్తానికి పొద్దుటిపూట ఇద్దరే ఆడవాళ్లు: ఫ్వెన్సాంత, కొలంబియా నుంచి బతకడానికి వచ్చిన నెలిద. అంతమందిని లేపి, తుడిచి, బట్టలు మార్చి, తినిపించేసరికి మధ్యాహ్నమయ్యేది. వారానికి రెండు స్నానాలని గోడ మీద రాసి ఉండేది. రెండు ఒకటయింది, ఒకటి 'వీలైనప్పుడు' అయింది. గోడ మీది రాత మాత్రం అలాగే ఉంది.

ఆ ఆశ్రమంలో అడిగినంత దొరికేది కొలోనియా ఒక్కటే. సామాన్ల గదిలో డబ్బాలకి డబ్బాలు. చుట్టాలు వచ్చే గురువారం, ఆదివారం పొద్దున్నే మేనేజరు ఎల్విరా వరండాలో ఒకసారి నడిచి, ముక్కు పైకెత్తి చూసి, చాలకపోతే "ఇంకాస్త" అనేది. తల మీద, మెడ మీద, దుప్పటి అంచుల మీద. నెలిద చల్లుతూ చల్లుతూ, "అక్కా, మా ఊళ్లో ఇంత సెంటు పోయినవాళ్లకి కొడతారు. మీవాళ్లు ముందే మొదలెట్టేశారు," అనేది. నవ్వొచ్చేది. నవ్వుతూనే ఫ్వెన్సాంత పక్క మంచం మీద చల్లేది.

కిటికీ పక్క మంచం కరిదాద్‌ది. ఎనభై దాటిన మనిషి. వయసంతా పళ్ల డబ్బాల ఫ్యాక్టరీలో గడిచింది. ఉడికిన పీచ్ పళ్లని ఒళ్లు కాల్చే కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి తోలు తీసే పని. వేళ్ల చివర గీతలు అప్పుడే అరిగిపోయాయి. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోతే చిన్న తమ్ముణ్ణి తనే పెంచింది. పక్షవాతం వచ్చాక కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మిగిలిన రెండు మూడు మాటల్లో ఎక్కువగా అనేది ఒక్కటే: "నీళ్లు." ఎవరో ఒకరు గ్లాసు తెచ్చి నోటి దగ్గర పెట్టేవారు. ఆమె పెదాలు బిగించేసేది. "అడుగుతుంది, ఇస్తే తాగదు. మొండి," అనుకునేవారు.

ఆ తమ్ముడు హినేస్. కుర్రతనం నుంచీ తోటలకి నీళ్లు వదిలే కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. తూములెత్తి ఎత్తి భుజం ఒకవైపుకి వాలిపోయింది. గురువారం గురువారం తప్పకుండా బస్సులో వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన తల, మెడకి కొలోనియా. చేతిలో సంచీలో ఆ రోజుల్లో పండే పండేదో ఉండేది. రాగానే వంగి అక్క తల మీద ముక్కు పెట్టి గట్టిగా పీల్చేవాడు.

"ఏమే అక్కా, ఎవరికోసం ఈ ముస్తాబు? కింద గదిలో మీసాలాయన కోసమేనా?" అని, ఫ్వెన్సాంత వైపు తిరిగి, "చూశావా అమ్మాయ్, సిగ్గుపడుతోంది," అనేవాడు. వెళ్లేటప్పుడు మళ్లీ వాసన చూసి, శుభ్రం వాసన, బాగా చూసుకుంటున్నారు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అని దండం పెట్టినంత పని చేసేవాడు. ఆ మాట ఫ్వెన్సాంతకి మొహం మీద కొట్టినట్టుండేది.

ఎందుకంటే ఆ దుప్పటి కింద ఏముందో ఆమెకి తెలుసు. నడుం దిగువ, ఎముక పొడుచుకొచ్చే చోట, వసంతకాలంలో ఎర్రటి మచ్చ పడింది. కదలలేని మనిషిని పక్కకి తిప్పుతూ ఉంటే అది అక్కడితో ఆగేది. తిప్పడానికి చేతుల్లేవు. మచ్చ పుండయింది. జూన్ ఎండలు మొదలయ్యేసరికి పుండు లోతుకి దిగింది. ఫ్వెన్సాంత నర్సుతో చెప్పింది. ఆ నర్సు మూడు ఆశ్రమాలకి ఒక్కడే. వచ్చి చూసి, కట్టుకట్టి, రెండు గంటలకోసారి తిప్పమని చెప్పి పోయాడు. తిప్పేదెవరో చెప్పలేదు. ఎల్విరాతో చెప్పింది, డాక్టరుకి చూపించమని. ఎల్విరా చెడ్డమనిషేం కాదు. ఆమె పైన ఇంకొకరు, వాళ్ల పైన ఇంకొకరు, అందరి చేతిలోనూ పొదుపు.

"ఫ్వెన్సాంతా, ఆవిడ తమ్ముడు వారం వారం వస్తున్నాడు, సంతోషంగా వెళ్తున్నాడు," అంది ఎల్విరా. "నిజంగా అంత లోపముంటే ఇంటివాళ్లకి తెలియదా?"

ఇంటివాళ్లకి చెప్పడానికి మాత్రం వీల్లేదు. ఒంటి సంగతులు ఆఫీసే చెప్పాలి. అంతకుముందు ఏడు ఒక పిల్ల ఎవరి కూతురితోనో నోరు జారితే నెల తిరిగేసరికి పనిలోంచి తీసేశారు. ఫ్వెన్సాంతకి ఇంటి అద్దె ఉంది, ఆ వయసులో ఇంకెక్కడా పని దొరకదన్న భయం ఉంది. భయపడింది. భయం పెట్టడానికే ఆ పద్ధతి పెట్టారు. అది బాగానే పనిచేసింది.

జూలైలో ఒక గురువారం, వేడికి కిటికీ చెక్కలు మూసి ఉన్నాయి, కరిదాద్ మూలుగుతోంది. ఫ్వెన్సాంత కొలోనియా సీసా తీసుకుని మంచం దగ్గరికి వెళ్లింది. మూత తీసింది. అప్పుడు ఆమెకి అనిపించింది, తన నోరు కట్టేశారు గాని హినేస్ ముక్కుని ఎవరూ కట్టెయ్యలేదు కదా అని. కట్టేస్తున్నది తనే, ఈ సీసాతో. మూత పెట్టేసింది. మొహం తుడిచి, తల దువ్వి, అంతటితో వదిలేసింది. పక్క మంచాలన్నిటికీ చల్లింది. ఆ ఒక్క మంచానికి చల్లలేదు.

హినేస్ ఆప్రికాట్ల సంచీతో వచ్చాడు. వంగాడు. తల సగంలో ఆగిపోయింది. మూత్రం వాసన, దాని కింద మగ్గిపోయిన పండులాంటి తియ్యటి కుళ్లు వాసన. గుమ్మం దగ్గర దుప్పట్లు మడతపెడుతున్నట్టు నటిస్తూ ఫ్వెన్సాంత చూస్తోంది. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు దుప్పటి ఎత్తుతాడు.

"అమ్మాయ్, ఇవాళ మా అక్కకి కొలోనియా రాయలేదా?"

"రాయలేదు."

"ఏం? ఏం పాపం చేసింది?"

"పెద్దాయనా, ఒకసారి ఆ దుప్పటి తీసి చూడండి," అంది ఫ్వెన్సాంత.

అతను ఆమెని చూసిన చూపు ఆమె చాలాకాలం మర్చిపోలేదు. తోడబుట్టినవాడు అక్క ఒంటి మీది బట్ట ఎత్తి చూడ్డమా? ఆ తరం మగవాళ్లు చచ్చినా చెయ్యని పని. ఏదో బూతు మాట విన్నట్టు మొహం ఎర్రగా చేసుకుని వరండాలోకి నడిచాడు. గురువారం కాబట్టి హాలు నిండా చుట్టాలు. వాళ్లందరి మధ్య నిలబడి, కాలువ గట్టు మీంచి అవతలి గట్టుకి వినబడేలా పిలిచే గొంతుతో, మా అక్కని పసిపిల్లలా చూసుకుంటారనుకున్నాను, ఆ ఫ్వెన్సాంత అనే మనిషి ఆమెని కంపు కొడుతూ పడేసింది, ఇన్నాళ్లలో ఇలా ఎన్నడూ లేదు, అని అందరికీ చెప్పాడు. ఎల్విరా పరుగున వచ్చి క్షమాపణ చెప్పింది. నెలిదని పంపింది. నెలిద తల దించుకుని సీసాలో సగం ఆ మంచం మీద కుమ్మరించింది. కాసేపటికి హినేస్ లోపలికి వెళ్లి, వంగి వాసన చూసి, కుదుటపడి, అక్కకి ఆప్రికాట్ ముక్కలు చేసి తినిపించాడు.

మర్నాటి నుంచి ఫ్వెన్సాంతని కిందికి, బట్టలుతికే గదిలోకి పంపేశారు. కొన్నాళ్లు మనుషుల దగ్గర కాకుండా ఉంటే మంచిదన్నారు.

ఆవిర్లు కక్కే యంత్రాలు, కిటికీ లేని గది. అక్కడికి ప్రతి మంచం తాలూకు బట్టలూ వస్తాయి. ఎవరివి ఎవరికి పోవాలో తెలియడానికి ప్రతి దాని అంచునా దారంతో పేరు కుట్టి ఉంటుంది. ఫ్వెన్సాంత ఆ గుట్టలోంచి రోజూ 'కరిదాద్' అన్న పేరు వెతికేది. గౌను వెనకవైపు మరక. మొదట అరచేతంత. తర్వాత పళ్లెమంత. పసుపు, దాని చుట్టూ గోధుమరంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నారింజ పూల వాసన ముందు, ఆ వెనకాల కుళ్లు వాసన. వేడినీళ్లలో పడగానే సెంటు ఎగిరిపోయి అసలుది మిగిలేది. ఒకరోజు నెలిదని మెట్ల దగ్గర పట్టుకుని అడిగింది. "జ్వరం వస్తోందక్కా. చెప్పాను. గురువారం తర్వాత చూద్దామన్నారు," అంది నెలిద. దాని కళ్లలో నీళ్లు. దానికి ఇద్దరు పిల్లలు, కాగితాలు ఇంకా రాలేదు. నువ్వెందుకు మాట్లాడవని దాన్ని అడిగే హక్కు ఫ్వెన్సాంతకి లేదు, అడగలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం ఆమె యంత్రం ఆపకుండానే వెనక తలుపులోంచి బయటికి వచ్చి బస్టాపులో నిలబడింది. నెత్తి మాడిపోతోంది. హినేస్ బస్సు దిగాడు, ఆమెని చూసి మొహం తిప్పుకున్నాడు.

"పెద్దాయనా, మీతో ఒక మాట."

"నీతో నాకేం మాటల్లేవమ్మా. పోయిన నెల నువ్వు చేసింది చాలు."

"మీ అక్కకి స్నానం లేదు. నడుం కింద పుండు పడింది. కుళ్లిపోతోంది. ఆ వాసన మీకు రాకూడదని కొలోనియా చల్లుతున్నారు. ఆ రోజు చల్లకుండా వదిలేసింది మీకు తెలియాలనే."

అతను నడుస్తూనే ఉన్నాడు. పని మార్చారని కడుపుమంటతో చెబుతున్నావు, అన్నాడు. నాకు ముక్కు లేదా, వారం వారం చూసుకోవట్లేదా, అన్నాడు. ఫ్వెన్సాంత వెంట పడింది. చెప్పడానికి ఇంకేం మిగిల్లేదు. మిగిలిన ఒక్కటీ అంది.

"ఆవిడ నీళ్లడుగుతుంది. రోజూ అదే మాట. మీరు గ్లాసు పెడతారు, తాగదు. తాగడానికి కాదు పెద్దాయనా ఆవిడ అడిగేది."

హినేస్ ఆగిపోయాడు. సంచీ చేతిలోంచి జారలేదు గాని చెయ్యి కిందికి వేలాడిపోయింది. చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి సాయంత్రం ఇంటికొస్తూ అక్క గుమ్మం బయటే చెప్పులు విడిచి ఆ ఒక్క మాటే అనేదట. నీళ్లు. ఒంటి నిండా కాస్టిక్కూ పళ్ల జిగురూ. పొయ్యి మీద నీళ్లు కాచి తొట్టి నింపి ఉంచడం ఇంట్లో పిల్లాడిగా తన పని. ఆమె తలుపేసుకుని ఒళ్లు తోముకుని, కొలోనియా రాసుకుని బయటికి వచ్చాకే తమ్ముడి తల నిమిరేది. అంతకుముందు దగ్గరికి రానిచ్చేది కాదు. ఇదంతా అతను ఫ్వెన్సాంతతో చెప్పాడో తనలో తను అనుకున్నాడో, మాటలు మాత్రం బయటికే వచ్చాయి.

తర్వాత లోపలికి వెళ్లాడు. ఫ్వెన్సాంత వెనకే వెళ్లింది, ఎవరు చూసినా సరేనని. మంచం చుట్టూ నారింజ పూల వాసన గుప్పుమంటోంది. "అక్కా, ఏమనుకోకే," అని హినేస్ కళ్లు సగం మూసుకుని దుప్పటి ఎత్తాడు. ఫ్వెన్సాంత ఆమెని పక్కకి తిప్పి కట్టు విప్పింది. పిడికిలి పట్టేంత గుంట. అడుగున తెల్లగా ఎముక.

ఈసారి అతను అరవలేదు. హాల్లోకి వెళ్లి ఫోను చేసి అంబులెన్సు పిలిచాడు. ఎల్విరా ఏదో చెప్పబోతే చేత్తో ఆగమన్నాడు. అంతే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తంలోకి విషం ఎక్కిందని చెప్పింది. ఇదెప్పుడు మొదలైందని అడిగితే హినేస్, "నేను ప్రతి గురువారం వచ్చేవాణ్ణండీ," అని జవాబు చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాడు.

ఇద్దరు నర్సులు గోరువెచ్చని నీళ్లతో కరిదాద్ ఒళ్లంతా కడిగారు. వేళ్ల సందులు, చెవుల వెనక, రొమ్ముల కింద. వెంట వచ్చిన ఫ్వెన్సాంత సాయం పడతానని అడిగి తల పట్టుకుంది. తల కింద బేసిను పెట్టి, చెంబుతో నీళ్లు పోసి, జుట్టు రెండుసార్లు రుద్దింది. నీళ్లు పడుతున్నంతసేపూ కరిదాద్ కళ్లు మూసుకుని నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. మూలగలేదు. తుడిచాక హినేస్ లోపలికొచ్చాడు. అలవాటు కొద్దీ బయటికెళ్లి కొలోనియా సీసా కొనుక్కొచ్చాడు. వద్దండీ, పుండు దగ్గర పనికిరాదు, అన్నారు నర్సులు. సీసా ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని, వంగి, తడి తల మీద ముక్కు పెట్టాడు. లేవలేదు.

"మా అమ్మ," అన్నాడు చివరికి. "మా అమ్మ వాసన వస్తోంది. మా అక్క ఒంటికి ఒక వాసన ఉందని నేను ఎన్నడూ ఎరగను అమ్మాయ్."

కరిదాద్ ఆ వారం దాటలేదు. ఆదివారం పొద్దున్నే పోయింది. అప్పటికి తెల్లటి దుప్పటి మీద ఎండ ఇంకా పడలేదు.

ఆసుపత్రివాళ్ల ఫిర్యాదు మీద అధికారులు వచ్చారు. ఎల్విరా అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ ముసలావిడ సంరక్షణ గురించి ఇంటివాళ్లు ఎప్పుడైనా అభ్యంతరం చెప్పారా అని అడిగితే, ఒక్కసారి చెప్పారంది, జూలైలో, ఫ్వెన్సాంత అనే పనిమనిషి మీద, ముసలావిడని కంపు కొడుతూ వదిలేసిందని, హాలు నిండా మనుషులు విన్నారంది. విన్నవాళ్లని పిలిచి అడిగారు. వాళ్లూ నిజమే చెప్పారు. హినేస్ వెళ్లి, అరిచింది నేనే, తప్పు నాది, ఆ అమ్మాయి మేలు కోరి చేసింది, అని చెప్పుకున్నాడు. కళ్లజోడు పెట్టుకున్న కుర్ర అధికారి ఓపిగ్గా విన్నాడు.

"ఆ రోజు దుర్వాసన వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మిగతా గురువారాలు?"

"రాలేదండి. కొలోనియా..."

"అయితే మిగతా రోజుల్లో శుభ్రంగానే ఉందన్నమాట."

హినేస్‌కి ఆ మాటలో తప్పెక్కడుందో తెలుసు, బయటికి తీసి చూపించడమే చేతకాలేదు. ఆ ఊళ్లో పుట్టిన ఎవరికీ చేతకాదు. ఆ కుర్రాడూ ఆ ఊరివాడే. చిన్నప్పుడు వాళ్లమ్మ తల మీద చల్లిన కొలోనియా వాసనే ఇప్పుడూ అతని మెడ దగ్గర వస్తోంది.

ఫ్వెన్సాంతని పనిలోంచి తీసేశారు. పనిలో నిర్లక్ష్యం అన్నారు. ముసలావిడ పుండుకి కారణం ఎవరని అడిగేవాళ్లకి ఒక పేరు దొరికింది. కంపెనీకి ఏమీ కాలేదు. పై అంతస్తులో ఇప్పటికీ పొద్దుటిపూట ఇద్దరే.

సెప్టెంబరులో ఒక గురువారం ఫ్వెన్సాంత బస్టాపుకి వెళ్లి నిలబడింది. ఇప్పుడామెకి భయపడ్డానికి ఏమీ లేదు, అదొక్కటే వాళ్లు ఆమెకి మిగిల్చింది. బస్సు దిగిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి, వాసన చూసి వచ్చెయ్యకండి, దుప్పటి ఎత్తి చూడండి, అని చెప్పింది. కొందరు పిచ్చిదనుకుని పక్కకి తప్పుకున్నారు. కొందరికి ఆమె ఎవరో తెలుసు. ముసలావిడని పీనుగుని చేసిందే కాక ఇక్కడికొచ్చి నీతులు చెబుతోందని ఒకావిడ గొణుక్కుంటూ పోయింది. కాపలా వాడు వచ్చి, గేటు లోపలికి రావద్దన్నాడు. నేను లోపలికి రావట్లేదు నాయనా, ఇది బస్టాపు, అంది.

మరుసటి గురువారం హినేస్ కూడా వచ్చాడు. అతను చొక్కా ఇస్త్రీ చేసుకునే వచ్చాడు గాని ఒంటికి ఏమీ రాసుకోలేదు. పక్కన నిలబడితే చెమట వాసన వచ్చింది, సబ్బు వాసన వచ్చింది. ఎవరైనా ఆగితే, "నేను ప్రతి గురువారం వచ్చేవాణ్ణి," అని మొదలుపెట్టేవాడు. అంతకు మించి వచ్చేది కాదు. ఫ్వెన్సాంతే మిగతాది చెప్పేది.

ఒక నడివయసావిడ దిగింది, చేతిలో నీలం మూత కొలోనియా సీసా. అమ్మ కోసమట. ఫ్వెన్సాంత చెప్పింది అంతా విని, మొహం ముడుచుకుంది.

"మా అమ్మ మల్లెమొగ్గలా ఉంటుంది. నేను పోయిన వారమే చూశాను. నీకు పని పోయిందని అందరి ఇళ్లల్లోనూ నిప్పులు పోస్తావా?" అని గేటు లోపలికి వెళ్లిపోయింది. హినేస్ ఆమె వీపు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ నడక, ఆ తొందర, ఆ సీసా పట్టుకున్న తీరు, అన్నీ తనవే అన్నట్టు.

చుట్టాల వేళ అయిపోయి అందరూ బయటికొస్తున్నారు. ఎండ వాలింది గాని వేడి తగ్గలేదు. ఆవిడా వచ్చింది. వాళ్లని చూడకుండా, వాళ్లు కూర్చున్న బెంచీకే ఓ చివర కూర్చుంది. సీసా ఒళ్లోనే ఉంది, మూత తియ్యలేదు. ఒక బస్సు వచ్చింది, ఎక్కలేదు. అది పోయాక, ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూనే అంది.

"దుప్పటి ఎత్తాను. చూడాలంటే... ఎక్కడ చూడాలో నాకు తెలియలేదు."

ఫ్వెన్సాంత లేచి, ఆమె ముందు నిలబడి, వెనక్కి తిరిగింది. తన నడుం కింద, ఎముక తగిలే చోట, చెయ్యి పెట్టి చూపించింది.